లడఖ్ యాత్రలో రెండు వేళలు

పర్వతము, ఎడారి, నది అను మూడింటిని వేర్వేరు సెలవులలో వేర్వేరు దిక్కులకు పోయి చూడవలసిన పని లేకుండ, ఒకే లోయలో ఒకదాని ప్రక్క నొకటిగా పరచియున్న దేశము మన ఉత్తరపుటంచున నున్న లడఖ్. వేసవి సెలవులు వచ్చినవో లేదో, హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల నుండి అన్నదమ్ముల కుటుంబములును, కళాశాలనాటి స్నేహితులును, పిల్లలను అమ్మమ్మలను వెంటబెట్టుకొని అచ్చటికి పయనమగుట నేడు సామాన్యమైనది. ఈ యాత్రలకై వేసికొను ప్రణాళికలలో విమానపు వేళ, హోటలు గది ఖాళీచేయు వేళ తప్పక యుండును. ఆ దేశమును నిజముగా ఏలుచున్న రెండు వేళలు మాత్రము ఉండవు. వానిలో ఒకటి మన మూత్రపిండములది, రెండవది హిమానీనదములది.

ఢిల్లీ సముద్రమట్టమునకు 216 మీటర్ల ఎత్తుననున్నది. లేహ్ పట్టణము సుమారు 3,500 మీటర్ల ఎత్తున. తెల్లవారుజామున ఢిల్లీలో విమానమెక్కి, గంటన్నరలో లేహ్‌లో దిగి, బసకు చేరి సంచి విప్పినవారికి, ఇంట కట్టి తెచ్చుకొన్న కారప్పూస పొట్లము పగులునంతగా ఉబ్బి కనబడును. పొట్లములో బంధింపబడినది మైదానపు గాలి. వెలుపలిది దానిలో మూడింట రెండు వంతుల పీడనము మాత్రమే గల గాలి. అచ్చటి గాలిలో ప్రాణవాయువు పాలు తక్కువని పలువురందురు గాని, అది సరికాదు; నూటికి 21 వంతులుగానే అది అచ్చటను ఉన్నది. తగ్గినది గాలి మొత్తపు ఒత్తిడియు, దానితో పాటు ప్రాణవాయువును ఊపిరితిత్తుల నుండి రక్తములోనికి నెట్టు ఒత్తిడియు. ఈ సంగతిని ప్రయోగములచే నిరూపించి 1878లో గ్రంథస్థము చేసినవాడు పాల్ బేర్ అను ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు.

మెడలో పెద్ద ధమని రెండుగా చీలు చోట బియ్యపుగింజంత అవయవమొకటి కలదు. రక్తములో ప్రాణవాయువు తగ్గుటను కనిపెట్టి, శ్వాసను వేగిరపరుపుమని మెదడునకు వార్త పంపునది అదియే. శ్వాస వేగిరపడగా ప్రాణవాయువు కొంత హెచ్చుగా లభించును. కాని బొగ్గుపులుసు వాయువు మితిమీరి బయటికి పోవుటచే రక్తము క్షారగుణమును పొందును. శ్వాసను నడపు కేంద్రము సాధారణముగా బొగ్గుపులుసు వాయువు లెక్కనే నమ్ముకొనునది గనుక, అది తగ్గగానే పగ్గము బిగించును. ఒకరు త్వరపడుమనగా ఒకరు ఆగుమందురు. మెలకువలో ఈ తగవు అంతగా తెలియదు. తొలి రాత్రి ప్రక్కమంచము వారి ఊపిరిని గమనించినచో తెలియును: నాలుగైదు దీర్ఘశ్వాసలు, పిదప కొన్ని సెకనుల పాటు ఏమియు లేదు, మరల ఒక్కుదుటున ఎగశ్వాస. ఇల్లాలు బెదరి భర్తను తట్టి లేపినను తప్పు పట్టవలసినది లేదు గాని, ఆ ఎత్తున నిద్రలో ఇది సామాన్యమే. తగవు తీర్చునవి మూత్రపిండములు. అవి రక్తములోని అధిక క్షారమును బైకార్బనేటు రూపమున కొంచెము కొంచెముగా విసర్జించి, శ్వాస నిరాటంకముగా వేగిరపడుటకు దారి యిచ్చును. అందులకు రెండు మూడు దినములైనను పట్టును. వైద్యులు ముందుగా వాడుమను అసిటజోలమైడు మాత్ర చేయునదియు ఆ పనిని త్వరపెట్టుటయే. కొత్త ఎర్రకణములు తగినన్ని పుట్టుటకు వారములు పట్టును గనుక, వారము దినముల యాత్రికునికి వానివలన ఒరుగునది స్వల్పము.

1962 యుద్ధకాలము నుండి మన సైనికులను పెక్కుమందిని ఈ ఎత్తులకు హఠాత్తుగా చేర్పవలసి వచ్చినది. వారిలో 1,925 మంది అస్వస్థతను పరిశీలించి ఇందర్ సింగు ప్రభృతులు వ్రాసిన వ్యాసము 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వెలువడి నేటికిని ప్రమాణముగా నున్నది. సైనికులనగా ఏరి తీసిన దృఢకాయులు గదా! దేహబలము ఇచ్చట రక్ష కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? పైపెచ్చు బలమున్న కుర్రవాడు దిగిన సాయంకాలమే లేహ్‌లోని శాంతిస్తూపము మెట్లెక్కి, రాత్రికి తలనొప్పి, వికారములతో పడుకొనును. అమ్మమ్మ గదిలో కూర్చుండి మరునాటికి తేరుకొనును. కూర్చున్నను ఆయాసము తగ్గకున్నను, అడుగులు తడబడినను, మాట తికమకపడినను, ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరుచున్నదని శంకించి, తెల్లవారువరకు ఆగక క్రిందికి దింపవలెను.

3,000 మీటర్లు దాటిన పిమ్మట నిద్రించు చోటి ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యుల నియమము. దానినిబట్టి చూడగా, శ్రీనగరు నుండి బయలుదేరి 2,676 మీటర్ల కార్గిల్‌లో ఒక రాత్రి నిలిచి లేహ్ చేరు బాట విమానముకంటె ఎంతయో మేలు. రెండవ రాత్రికే 4,225 మీటర్ల పాంగాంగ్ సరస్సు ఒడ్డున గుడారములో పడుకొనుట, ఎన్ని ప్రణాళికలలో కనబడినను, అవివేకమనియే నా అభిప్రాయము. లేహ్‌లో కుదుటపడిన పిదప మొదట నుబ్రా లోయకు పోవుట యుక్తము. త్రోవలో ఖర్దుంగ్ లా కనుమ 5,000 మీటర్లు దాటినను, హుండర్‌లోని బస లేహ్‌కంటె పల్లమే.

  

హుండర్ ఇసుక దిబ్బలును, యార్కండ్ వర్తకపు బిడారుల శేషముగా మిగిలిన రెండు మూపురముల ఒంటెలును చూచి ముచ్చటపడనివారుండరు. హిమాలయములు ఋతుపవన మేఘములను ఆవలనే నిలిపివేయుటచే లేహ్ ప్రాంతమున ఏడాదికి కురియునది సుమారు 100 మిల్లీమీటర్లే. అచ్చటి పొడిగాలిలో చెమట పుట్టినచోటనే ఆరిపోవును గనుక, దేహము నీరు కోల్పోవుచున్న సంగతి తెలియదు. వేయి మీటర్లు ఎక్కినకొలది అతినీలలోహిత కిరణములు నూటికి సుమారు 10 వంతులు హెచ్చును. పిల్లలకు టోపీయు, నల్లద్దములును విలాసములు కావు.

వానలు లేని దేశములో వాగులెట్లు పొంగును? మధ్యాహ్నపుటెండకు హిమానీనదములలో కరగిన మంచునీరు గంటలకొలది ప్రయాణము చేసి సాయంకాలమునకు క్రిందికి చేరును. రాత్రి చలికి కరగుట ఆగును. తెల్లవారునప్పటికి వాగు మిక్కిలి సన్నగిల్లును. పాంగాంగ్ త్రోవలో డ్రైవర్లు పాగల్ నాలా అని పిలుచు వాగును ఉదయము చక్రము తడియుటతో దాటిన బండియే, సాయంకాలమున ఒడ్డున నిలిచిపోవుట కలదు. వేకువనే బయలుదేరుదమని డ్రైవరు పట్టుపట్టుట ఇందులకే. లడఖీ రైతులు ఈ వేళ నెరిగినవారగుటచే, పొలములు తడుపనక్కరలేని సమయమున వచ్చు నీటిని జింగ్ అను చిన్న చెరువులలో నిలువచేసి, చుర్పోన్ అను నీటి పెద్ద చెప్పిన వంతుల చొప్పున మరునాడు పారించుకొందురు.

నిమ్మూ వద్ద సింధునదిని కలియు జంస్కార్ నదిపై రబ్బరు తెప్పల విహారము వేసవిలో ప్రసిద్ధము. అందులోనిదియు హిమజలమే. పడినవానికి మొదటి నిమిషమున అప్రయత్నముగా గుక్కలు వచ్చి, ఆ గుక్కలో నీరు మ్రింగు ప్రమాదము కలదు; నోరు నీటిపైన నుండునట్లు పట్టి యుంచునది తేలుచొక్కా. దేహోష్ణము ప్రాణాపాయమగునంతగా తగ్గుటకు అరగంటకు మించియే పట్టవచ్చును గాని, పది నిమిషములలోపలనే వ్రేళ్లు పట్టు తప్పును. అందువలన తెప్ప నడపువాడు బయలుదేరుటకు ముందే, పడినవాని చేయి పట్టుకొని లాగవలదనియు, చొక్కా భుజపట్టీలను రెండు చేతుల బిగించి, తాను వెనుకకు వ్రాలుచు తెప్పలోనికి ఈడ్వవలెననియు అందరిచేతను ఒకమారు చేయించి చూచును.