తెరమీది పడవ

తగరపువలస చెంత పారు గోస్తని భీమునిపట్నమువద్ద సముద్రమున గలియును. ఆ తీరపు విద్యార్థికి కాలువలలో సరకులు మోసిన పడవ నేడు తెరమీది చిత్రమే.

ఆంగ్లదేశమున 2014లో ఆరంభమైన ‘గ్రేట్ కెనాల్ జర్నీస్’ అను టెలివిజన్ కార్యక్రమము అచ్చటి ఇరుకు పడవలను వేడుకగా జూపినది. సుమారు 7 అడుగుల వెడల్పుగల ఆ పడవలను ఒకప్పుడు గుఱ్ఱములు లాగెడివి.

మననాట ఆ బరువు మనుష్యులది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిమ్మట గోదావరి కాలువలు పొలములకు నీరును, పడవలకు దారియు నైనవి. గాలి చాలనప్పుడు కూలీలు గట్టువెంట నడచుచు తాడుతో పడవను లాగెడివారు. లాకువద్ద నీటిమట్టము సరియగువఱకు పడవ నిలిచియుండెడిది.

1964 నాటి ‘మూగమనసులు’లో నాయకుడు పడవవాడు. 1973 నాటి ‘అందాల రాముడు’ భద్రాచలమునకు సాగు పడవ ప్రయాణపు కథ. వీనివలన గోదావరి సొగసు ఊరూర దెలిసినది. తాడు రాచిన భుజముల మాట మాత్రము మఱపున బడుచున్నది.

కావున ఉపాధ్యాయులు పడవ చిత్రము జూపినపుడు పిల్లల నొక్కమాట యడుగుట మేలు: గాలిలేని దినమున దీనిని నడపిన వారెవరు?