బుగ్గ వెనక తీగ

రాత్రిపూట రోడ్డు మీద ఎరుపు, నీలం లైట్లు వెలుగుతూ ఆగి ఉన్న పోలీసు బండిని అందరం చూస్తాం. ఆ లైటుకు కరెంటు ఏ దారిన వస్తోందో ఎవరం చూడం. అసలు కథంతా ఆ దారిలోనే ఉంది!

ఫిబ్రవరి నెల. అర్ధరాత్రి దాటింది. ప్రకాశం జిల్లా పల్లెల్లో మిర్చి టిక్కీలు ఎత్తుకుని గుంటూరు యార్డుకు బయల్దేరిన లారీ, చిలకలూరిపేట దాటాక టైరు పేలి రోడ్డు మీదే ఆగిపోయింది. టిక్కీల మీద కప్పిన పట్టా జారి వెనక లైట్లను మూసేసింది. గస్తీ తిరుగుతున్న పోలీసు బండి వచ్చి లారీ వెనక నిలబడింది. పైన లైట్లు తిరుగుతున్నాయి. కానిస్టేబుల్ దిగి, టార్చి ఊపుతూ వచ్చే వాహనాలను పక్క లైనులోకి మళ్లిస్తున్నాడు.

మిర్చి సీజన్లో ఈ దారికి ఇదేమీ కొత్త కాదు. యార్డుకు రోజుకు లక్ష టిక్కీలకు పైగా వచ్చే రోజులుంటాయి. అవన్నీ ఏదో ఒక రోడ్డు మీదుగా రావలసినవే. అంతకు ముందే పత్తి సీజను. గడ్డివాములా పెరిగిన పత్తి లోడుతో రోడ్డుకు అడ్డంగా ఊగుతూ వెళ్లే ట్రాక్టర్లకు వెనక లైటుంటే అదే గొప్ప.

ఇప్పుడు వెనక నుంచి చీమకుర్తి గ్రానైటు రాయి వేసుకుని ఓ లారీ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి. అంటే సెకనుకు 22 మీటర్లు. డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకు మీద కాలు వేసేసరికే 40 మీటర్లు దాటిపోతాయి. బండి ఆగడానికి మరో 50 మీటర్లన్నా కావాలి. బరువు ఎక్కువైతే ఇంకా ఎక్కువ. టార్చి పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి ప్రాణం, వంద మీటర్లకు అవతలే ఆ లైటు లారీ డ్రైవరు కంటికి ఆనడం మీద ఆధారపడి ఉంది. సరిగ్గా అప్పుడే లైటు మినుకు మినుకుమంటే?

లైటు చెడిపోయిందనుకుంటాం. చాలాసార్లు చెడిపోయేది లైటు కాదు.

తీగే మింగేస్తుంది!

జీపుకైనా బొలెరోకైనా ఉండేది 12 ఓల్టుల బ్యాటరీ. ఇంట్లో 230 ఓల్టుల కరెంటుకు అలవాటు పడ్డవాళ్లకు ఇది లెక్కలోకి రాదు. షాకు కొట్టదు కదా అన్న ధీమా. కానీ ఓల్టులు తక్కువైనప్పుడు అదే పని చేయడానికి ఆంపియర్లు ఎక్కువ కావాలి. 55 వాట్ల హాలోజన్ బల్బు ఇంట్లో అయితే పావు ఆంపియరుతో వెలుగుతుంది. బండిలో అదే వాటేజికి నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. పాతరకం లైట్‌బారులో అలాంటివి రెండు. వాటి అద్దాలను తిప్పే మోటార్లు వేరే. 100 వాట్ల సైరన్ మోగిందంటే మరో ఎనిమిది, పది ఆంపియర్లు.

బ్యాటరీ ముందు బానెట్ కింద ఉంటుంది. లైటు పైన టాపు మీద ఉంటుంది. తీగ పోను ఐదు మీటర్లు, రాను ఐదు మీటర్లు. చౌకగా దొరికిందని ఒక చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే, పది ఆంపియర్ల కరెంటు పారేటప్పుడు దారిలోనే పావు తక్కువ రెండు ఓల్టులు ఖర్చయిపోతాయి. పన్నెండులో రెండు పోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. హాలోజన్ బల్బుకు ఓల్టేజి కొంచెం తగ్గినా వెలుగు బాగా పడిపోతుంది. ఇక్కడ పోయిన ఓల్టులకు నూటికి 40 వంతుల వెలుగు పోతుంది! ఆ పోయిన కరెంటు వేడిగా మారి తీగనే కాలుస్తుంటుంది. అదే ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది ఓల్టులో మూడో వంతుకు లోపే. రెండు తీగలకూ ధరలో తేడా కొన్ని వందల రూపాయలు.

‘రాను’ దారి అన్నది ఇంకో తలనొప్పి. చాలా బండ్లలో దానికి విడిగా తీగ వేయరు. బండి రేకుకే ఒక బోల్టు బిగించి ‘ఎర్త్’ ఇచ్చేస్తారు. బోల్టు కింద రంగు గీకకపోయినా, తుప్పు పట్టినా కరెంటుకు దారి మూసుకుపోయినట్టే. చీరాల, బాపట్ల వైపు ఉప్పుగాలికి కలుపుల దగ్గర పచ్చటి పూత పెరుగుతుంది. లోపలి మండలాల్లో వేసవి వచ్చిందంటే నల్లరేగడి దుమ్ము లేవడం సరేసరి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల్లో టాపుకు వేసిన రంధ్రం సరిగా మూయకపోతే నీళ్లు తీగ వెంబడే జారి నేరుగా స్విచ్చుల పెట్టెలోకి దిగుతాయి.

తగరం కాగితం మహిమ

తీగలు వేయడంలో మంచి పనివాడెవరో తెలుసుకోవాలంటే లైటు చూడనక్కర్లేదు. బానెట్ ఎత్తి ఫ్యూజు ఎక్కడుందో చూస్తే చాలు. బ్యాటరీకి జానెడు దూరంలో ఉంటే అతను పని తెలిసినవాడు. డాష్‌బోర్డు కింద ఎక్కడో ఉందంటే, బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న తీగకు దిక్కెవరు? ఫ్యూజు లైటును కాపాడ్డానికి అనుకుంటాం. అది కాపాడేది తీగను.

బానెట్‌కూ డ్రైవరు కాళ్ల దగ్గరకూ మధ్య ఉండే రేకులోంచి తీగ లోపలికి రావాలి. ఆ రంధ్రానికి రబ్బరు తొడుగు వేయకపోతే రేకు అంచు కత్తిలా పనిచేస్తుంది. మట్టిరోడ్ల మీద కుదుపులకు ఆర్నెల్లో, ఏడాదిలో పైతొడుగు తెగి రాగి బయటపడుతుంది. రేకుకు తగలగానే షార్టు. ఫ్యూజు ఉంటే పోతుంది. లేకపోతే బండి పోతుంది. పత్తి మిల్లు గేటు దగ్గర బందోబస్తుకు నిలబెట్టిన బండిలో ఇలా జరిగితే ఆ మంట బండితో ఆగదు.

మన దగ్గర ఫ్యూజు పోతే చేసే పని అందరికీ తెలిసిందే. సిగరెట్ పెట్టెలోని తగరం కాగితం చుట్టి పెట్టేయడం! లైటు వెంటనే వెలుగుతుంది. పని చేసినవాడికి శభాష్ అని పేరు కూడా వస్తుంది. ఇకపై ఆ తీగకు అడ్డూ అదుపూ ఉండదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

రిలే గురించి కూడా ఒక మాట. పది ఇరవై ఆంపియర్లను నేరుగా డాష్‌బోర్డు స్విచ్చులోంచి పంపితే స్విచ్చు మాడిపోతుంది. అందుకే స్విచ్చుతో చిన్న కరెంటును రిలేకు ఇచ్చి, పెద్ద కరెంటును రిలేతో తెరిపిస్తారు. కాలువ షట్టర్‌ను చేత్తో ఎత్తకుండా చక్రం తిప్పినట్టన్నమాట.

నీలానికి నోబెల్

పాత బుగ్గల్లో తిరిగేది బల్బు కాదు, దాని చుట్టూ ఉన్న అద్దం. కిర్రుకిర్రుమనే చిన్న మోటారు దాన్ని తిప్పేది. వాటిలో నీలం బుగ్గ ఎప్పుడూ ఎరుపుకన్నా నీరసంగానే ఉండేది. కారణం... ఫిలమెంటు బల్బు వెలుగులో నీలం పాలు చాలా తక్కువ. పైన నీలం గాజు బోర్లిస్తే ఆ కొంచెమే బయటికొచ్చి మిగతాదంతా లోపలే ఆగిపోయేది.

ఎల్ఈడీ వచ్చాక ఈ బాధ తీరింది. ఎరుపు ఎల్ఈడీ ఎప్పటినుంచో ఉన్నా, బాగా వెలిగే నీలం ఎల్ఈడీ 1990ల్లో గానీ రాలేదు. దాన్ని సాధించిన ముగ్గురు జపాన్ మూలాల శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. చీకట్లో మన కంటికి ఎరుపు కన్నా నీలం త్వరగా ఆనుతుంది. ఎండలో ఎరుపుదే పైచేయి. పోలీసు బండి మీద రెండు రంగులూ ఉండటానికి ఇదొక కారణం.

ఇంకో లాభం బ్యాటరీకి. హాలోజన్ లైట్లు, మోటార్లు, వైర్‌లెస్ సెట్టు కలిసి పదకొండు ఆంపియర్లు లాగితే, ఇంజిను ఆపేసిన బండిలో 65 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మూడు గంటల్లో సగం ఖాళీ. పాత బ్యాటరీ అయితే అప్పటికి సెల్ఫు ఎత్తదు. నేరస్తుణ్ని పట్టుకోవడానికి వెళ్లిన బండిని ఊరివాళ్లు తోసి స్టార్టు చేసిన సందర్భాలు నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. అదే బండిలో క్షతగాత్రుణ్ని ఎక్కించుకుని ఉంటే నవ్వురాదు. ఎల్ఈడీ లైట్‌బారుకు ఆ కరెంటులో సగం కూడా అవసరం లేదు. జాగ్రత్తగలవాళ్లు లైట్లకు, వైర్‌లెస్‌కు రెండో బ్యాటరీ పెట్టి, ఇంజిను బ్యాటరీని దాని జోలికి రాకుండా విడదీస్తారు.

ఎల్ఈడీలకూ ఓ తిక్క ఉంది. లోపల కరెంటును క్షణానికి వేలసార్లు ఆపి వదిలే సర్క్యూటు ఉంటుంది. నాసిరకం లైటయితే ఆ చప్పుడు వైర్‌లెస్‌లో బుస్సుమంటుంది. లైటు వేస్తే కంట్రోల్ రూం మాట వినపడదు, మాట వినాలంటే లైటు ఆపాలి. లైటు తీగనూ యాంటెన్నా తీగనూ ఒకే కట్టగా కట్టడం ఇలాంటి బండ్లలో తరచూ కనిపించే తప్పు.

ఎవరి నెత్తిన బుగ్గ?

ఒకప్పుడు ‘బుగ్గ కారు’ అంటే పదవి. ఆ దర్పానికి కళ్లెం వేస్తూ 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2017 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. ఆ ఏడాది మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలు దిగిపోయాయి. ఎరుపు, నీలం, తెలుపు కలిసిన లైట్లు అగ్నిమాపక, పోలీసు, రక్షణ దళాలు, విపత్తు సహాయం లాంటి అత్యవసర విధుల్లో ఉన్న వాహనాలకే మిగిలాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అత్యవసర వాహనానికి దారి ఇవ్వకపోతే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నాయకుల బుగ్గలు దిగాయి గానీ, ఆ వెలుగుకు దారివ్వడం మనకింకా పూర్తిగా అలవాటు కాలేదు.

కొత్త బండ్లు వచ్చినప్పుడు పండగే. 2022 మార్చిలో గుంటూరు జిల్లా వెలగపూడి సచివాలయం దగ్గర 163 ‘దిశ’ గస్తీ వాహనాలు జెండా ఊపించుకుని ఒకేసారి రోడ్డెక్కాయి. లైట్లన్నీ ఒక్కసారి వెలిగితే చూడముచ్చటే. ఫొటోలు పడేది ఆ రోజే. అసలు పరీక్ష మూడో ఏడో, నాలుగో ఏడో మొదలవుతుంది. అప్పటికి ఎన్నో చేతులు పడి, ఎన్నో చోట్ల తీగలు కోసి కలిపి ఉంటారు. జిల్లా సాయుధ దళం ఎం.టి. విభాగంలో పని తెలిసినవాళ్లున్నా, అన్ని ఠాణాల బండ్లూ వారి చేతికి వేళకు రావు. దారిలో ఆగితే దగ్గరున్న ఆటోనగరే దిక్కు.

ఆటోనగర్లలో లారీ వైరింగు కళ్లు మూసుకుని చేసే చేతులున్నాయి. అయితే ఇప్పటి బండి పాత జీపు కాదు. తీగల్లో సగం కంప్యూటరుతో మాట్లాడేవే. ఏదో ఒక తీగ గీకి అక్కడినుంచి లైటుకు కరెంటు లాగితే ఇంజినే మొరాయించవచ్చు. పసుపు తొడుగున్న తీగలు కనిపిస్తే అసలు చెయ్యి పెట్టకూడదు. అవి ఎయిర్‌బ్యాగులవి.

వెలుగు మరీ ఎక్కువైతే?

చీకట్లో కళ్లు చెదిరేలా మెరిసే లైటు పక్కన నిలబడ్డ మనిషి డ్రైవరుకు కనిపించడు. అమెరికాలో జరిగిన పరిశోధనలూ ఇదే చెప్పాయి. కానిస్టేబుల్‌ను కాపాడాల్సిన వెలుగే అతణ్ని దాచేస్తుంది. అందుకే మంచి లైట్‌బారులకు పగటికి ఒక స్థాయి, రాత్రికి తగ్గించిన స్థాయి ఉంటాయి. బ్రిటన్ పోలీసులు 1990ల్లోనే బండి పక్కలకు నీలం, పసుపు గళ్ల రిఫ్లెక్టివ్ స్టిక్కర్లు వేశారు. ఎదుటి బండి లైటు పడితే చాలు, అవే మెరుస్తాయి. బ్యాటరీ అక్కర్లేదు, ఫ్యూజు అక్కర్లేదు. మన పోలీసులు పత్తి ట్రాక్టర్లను ఆపి వెనక అంటించే ఎర్ర స్టిక్కరుదీ ఇదే సూత్రం. తమ బండి వెనక రంగు వెలిసిన స్టిక్కరును మార్చడం మాత్రం చాలాచోట్ల మర్చిపోతుంటారు!

పని పూర్తయ్యాక తెలిసిన మేస్త్రి లైటు వేసి చూపించడంతో ఆగడు. ఇంజిను ఆపించి, లైట్లు, సైరన్, వైర్‌లెస్ అన్నీ ఒకేసారి వేయించి పావుగంట ఉంచుతాడు. తీగ వెంబడి వేళ్లతో తడుముకుంటూ వెళ్తాడు. ఎక్కడ వేడి తగిలితే అక్కడ కలుపు విప్పి మళ్లీ బిగిస్తాడు. తర్వాత డ్రైవరుతో సెల్ఫు కొట్టిస్తాడు. మొదటిసారికే అందుకోవాలి. ఆఖరున బానెట్ ఎత్తి ఫ్యూజు పెట్టె మూత తీస్తాడు. మూత లోపలివైపు టేపుతో అంటించిన రెండు కొత్త ఫ్యూజులుంటాయి. తాళాలు చేతికిచ్చే ముందు డ్రైవరుకు వాటిని చూపిస్తాడు.