సింకులో నీరు నిలిచినప్పుడు

నేతవారి ఇంటిలో వంటగది సింకునకు రెండు పనులు. అన్నపు గిన్నెలు కడుగునదియు అక్కడనే, గంజి కుండలు కడుగునదియు అక్కడనే. షోలాపురము, భివండి, సేలము వంటి పట్టణములలో స్థిరపడిన మనవారి ఇండ్లు చాలవరకు ఇరుకు. కాబట్టి గొట్టము పూడినచో ఆ కష్టము వంటతో పోదు. గుంటమగ్గము గల ఇంట పొంగిన నీరు గుంటలోనికి దిగును, పడుగు చెమ్మగిల్లును, నూలునకు బూజు పట్టును. అందుచేత ఈ చిన్న సంగతిని ఇంటిల్లిపాదియు తెలిసికొనుట మేలు.

మన ఇండ్లలో గొట్టమునకు అడ్డుపడునవి ముఖ్యముగా మూడు. మొదటిది గంజి. వేడిగా నున్నప్పుడు పలుచగా జారును గాని, చల్లారినంతనే గట్టిపడి గొట్టము వంపులో పేరుకొనును. రెండవది నూనె. గంజిలో కలుపు కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వేడిమికి తగ్గినచో గడ్డకట్టును. చలికాలమున గొట్టములు ఎక్కువగా పూడుటకు ఇదియొక కారణము. మూడవది నూలు పోగులు. ఇవి వెండ్రుకలతో పెనవేసికొని జాలీకి చుట్టుకొనును. గంజియు నూనెయు వాటిని పట్టుకొని ముద్దగా నిలుచును.

అంగడిలో దొరకు గొట్టపు పొడులలో పెక్కింటికి మూలము కాస్టిక్ సోడా. ఇది నూనె జిడ్డును సబ్బువలె మార్చి కరగించును. కాని నూలు దీనికి కరగదు. 1844లో జాన్ మెర్సర్ అను ఆంగ్లేయుడు కనుగొన్న పద్ధతి ననుసరించి నూలును కాస్టిక్ సోడాలో ముంచియే మెర్సరైజ్డు నూలు తయారుచేయుదురు. దానివలన నూలు మరింత బలపడును. పట్టుపోగులు కాస్టిక్‌లో పాడగును గాని నూలుపోగులు పాడుగావు. కావున నూలు అడ్డుపడిన గొట్టములో ఎంత పొడి పోసినను ఫలితముండదు. పోగును చేతితో తీయుటయే మార్గము.

ఇక పని వరుస చెప్పెదను. మొదట సింకు ఒక్కటే నెమ్మదిగా పారుచున్నదా, స్నానపు గది నీరు కూడ నిలుచుచున్నదా చూడవలెను. అన్నియు నిలిచినచో తప్పు సింకులో లేదు. ఇంటి వెలుపలి గొట్టములోనో చాంబరులోనో ఉన్నది. సింకు ఒక్కటే అయినచో జాలీ తీసి, కొన వంచిన సన్నని తీగతో పోగులను పైకి లాగవలెను. చాలసార్లు పని ఇక్కడనే ముగియును.

అప్పటికిని పారనిచో సింకులో రెండు మూడు అంగుళముల నీరుంచి, పైన వేరొక రంధ్రమున్నచో తడిగుడ్డతో మూసి, రబ్బరు పంపుతో పదిపదిహేను మార్లు నొక్కి లాగవలెను. అదియు చాలనిచో క్రింద బకెట్టు పెట్టి వంపు గొట్టము మరలను విప్పి, లోపలి ముద్దను తీసి కడిగి, వాషరును యథాస్థానమున పెట్టి బిగించవలెను. వంపులో నిలుచు నీరు దుర్వాసనను, పురుగులను అడ్డగించుటకే యున్నది; గనుక వంపు తీసివేసి తిన్నని గొట్టము బిగించరాదు. పిమ్మట నీరు విడిచి, అతుకుల క్రింద పొడి కాగితముంచి కారుచున్నదేమో చూడవలెను.

జిడ్డు కరగుటకు వేడినీరు మంచిదే గాని, ప్లాస్టిక్ గొట్టములో మరుగుచున్న నీరు పోసినచో గొట్టము మెత్తబడి అతుకులు వదులగును. చేయి తాళునంత వేడి చాలును.

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఇది. అద్దకము చేయు ఇంటిలో గొట్టములోనికి ఆసిడు పోయరాదు. బ్లీచింగు పొడి నీటితో ఆసిడు కలిసినచో క్లోరిను వాయువు పుట్టును. 1915లో యుద్ధరంగమున సైనికులను చంపుటకు వాడినది ఈ వాయువునే. హైడ్రోసు నీటితో కలిసినచో ఊపిరి సలుపనీయని గంధకపు వాయువు వచ్చును. సల్ఫరు నలుపు అద్దకమునకు వాడు సోడియం సల్ఫైడుతో కలిసినచో పుట్టు వాయువు కొద్ది క్షణములలో మనిషిని పడవేయును. ఏ మందైనను పోసిన గొట్టమును పంపుతో నొక్కరాదు, విప్పరాదు. అది కంటిలో చిందినచో చూపే పోవచ్చును. చిందినచో వెంటనే ధారగా నీటితో చాలసేపు కడిగి వైద్యుని యొద్దకు పోవలెను.

వెలుపలి మురుగు తొట్టిలోనికి ఎవ్వరును దిగరాదు, కూలివానిని దింపరాదు. రక్షణ సాధనములు లేక అట్లు దింపుట 2013 చట్టము ప్రకారము నేరము. మునిసిపాలిటీవారికి తెలిపి యంత్రముతో తీయించుటయే సరియైన పద్ధతి.

పూడిన పిదప తీయుటకంటె పూడకుండ చూచుకొనుట సులభము. మిగిలిన గంజిని సింకులో పోయక, పళ్లెములో ఆరనిచ్చి చెత్తలో వేయవలెను. మైలుతుత్తము కలిపిన గంజిని పశువులకు పెట్టరాదు. గంజి కుండను ముందు పాతగుడ్డతో తుడిచి, తరువాత కడుగవలెను. సన్నరంధ్రముల జాలీ ఒకటి కొని బిగించి, రాత్రి పడుకొనబోవు ముందు అందులోని పోగులను ఏరివేయవలెను. మగ్గము దిగిన వెంటనే తెగిన పోగులను ఊడ్చు అలవాటు మన ఇండ్లలో ఉన్నదే. ఆ అలవాటును సింకు దాకా సాగించినచో గుంటలోనికి నీరు రాదు, పడుగు పాడుగాదు.