కార్బరేటర్ జోలికి ఆఖరున వెళ్దాం

స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండి మైలేజీ తగ్గిందనగానే చాలామంది ముందు కార్బరేటర్ స్క్రూ తిప్పుతారు. అది ఆఖరున ముట్టుకోవాల్సింది. టైర్లలో గాలి తగ్గినా, బ్రేకు పట్టేసినా, ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము నిండినా మైలేజీ పడిపోతుంది. అవి చూడకుండా స్క్రూ తిప్పితే అసలు లోపం అలాగే ఉంటుంది, బాగున్న సెట్టింగూ చెడుతుంది.

కాబట్టి టైర్లలో గాలి సరిచూసుకుని, సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. వెంటనే ఆగిపోతే బ్రేకు రాడ్ చివరి నట్టు కాస్త వదులు చేయాలి.

తర్వాత చైను. చైన్ కేసు కిందున్న రబ్బరు మూత తీసి, వేలితో కింది వరసను పైకీ కిందికీ ఆడించండి. మొత్తం మీద సుమారు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చైను అంతటా సమానంగా అరగదు. అందుకని చక్రం తిప్పుతూ బాగా బిగువుగా ఉన్న చోటు వెతికి, అక్కడే కొలవాలి. వదులుగా ఉన్నచోట కొలిచి బిగిస్తే, మనిషి ఎక్కి కూర్చోగానే చైను ఇంకా బిగుసుకుని గేర్‌బాక్స్ బేరింగు మీద భారం వేస్తుంది. బిగించాక చక్రానికి రెండువైపులా ఉన్న చైన్ అడ్జస్టర్ గీతలు ఒకే లెక్కలో ఉన్నాయా చూడండి. చక్రం వెనక్కి జరిగింది కనుక బ్రేకు పెడల్‌ను కూడా మళ్లీ సరిచూడాలి.

టాపెట్ విషయంలో మన చెవి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. టకటక శబ్దం వస్తే భయపడి పూర్తిగా బిగించేస్తాం, శబ్దం పోతుంది. నిజమైన ప్రమాదం ఆ నిశ్శబ్దంలోనే ఉంది. వేడికి లోహం వ్యాకోచిస్తుంది. టాపెట్‌కీ వాల్వుకీ మధ్యలో సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుని సీటును తాకినప్పుడే తన వేడిని దానికి ఇచ్చి చల్లబడుతుంది. ఆ అవకాశం లేకపోతే అంచు కాలిపోతుంది. అందుకే పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ఫీలర్ గేజ్‌తో మాన్యువల్ చెప్పిన సందే పెట్టాలి. ఈ తరహా ఇంజిన్లలో అది మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఇది మొదటిసారి నమ్మకమైన మెకానిక్ పక్కన కూర్చుని నేర్చుకోవడమే మంచిది.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండాలి. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. ఘర్షణ తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఎయిర్ ఫిల్టర్ ఫోమ్‌దైతే కడిగి ఆరబెట్టి నూనె పట్టించవచ్చు. నూనె పట్టించిన పేపర్ ఫిల్టర్‌ను కడగకూడదు, గాలితో ఊదకూడదు. కొత్తది వేయాల్సిందే.

ఇవన్నీ అయ్యాక ప్లగ్ తీసి రంగు చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే కార్బరేటర్‌ను ముట్టుకోకండి. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, తెల్లగా ఉంటే గాలి ఎక్కువవుతోంది. ఇక స్క్రూ ఎటు తిప్పాలన్నది అది ఉన్న చోటును బట్టి ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, వదులు చేస్తే గాలి పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే వదులు చేసినప్పుడు పెట్రోలు పెరుగుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఐడిలింగ్ ఎక్కడ బాగా పెరుగుతుందో అక్కడ ఆపండి. తర్వాత ఐడిలింగ్ స్క్రూతో వేగం తగ్గించండి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక తయారైన బండ్లలో ఎక్కువ భాగానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. వాటిలో ఇలా తిప్పే మిక్చర్ స్క్రూ ఉండదు, పైన చెప్పిన మిగతా పనులన్నీ వర్తిస్తాయి.

ఒక్కోసారి ఒక్కటే మార్చి, తేదీ, కిలోమీటర్లు రాసిపెట్టుకోండి. ఫలితం తెలియాలంటే ట్యాంకు నింపించి, రోజూ వెళ్లే దారిలోనే తిరిగి, మళ్లీ అదే బంకులో అంతే మట్టానికి నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది.