స్టాకు రిజిస్టరు నకలు ఇవ్వండి

కాటేదాన్ మీలో చాలామందికి తెలిసిన చోటే. ఆరాంఘర్ చౌరస్తా దగ్గర, శంషాబాద్ పోయే తోవలో ఉంటుంది. రంగారెడ్డి జిల్లా, రాజేంద్రనగర్ మండలం. అన్నీ ఫ్యాక్టరీలు, గోడౌన్లు. పొద్దున డబ్బా పట్టుకుని పనికి పోయే ఆడవాళ్లతో రోడ్డు నిండిపోతుంది.

అక్కడ ప్లాస్టిక్ ఏరే గోడౌనులో పనిచేసే ఒక అక్క ఉందనుకుందాం. ఆమె ఆరు నెలల గర్భిణి. నడిస్తే ఆయాసం. కళ్లు తిరుగుతున్నాయి. సర్కారు దవాఖానలో రక్తపరీక్ష చేశారు. రక్తం తక్కువ ఉందన్నారు. ఇనుము మాత్రలు రాసిచ్చారు. చీటీ తీసుకుని మందుల కిటికీ దగ్గరికి పోయింది.

"గోలీలు అయిపోయినయ్ అమ్మా. వచ్చే వారం రా."

వచ్చే వారం పోయింది. అదే మాట. మూడో వారం పోయింది. "పైనుంచి రాలేదు. మేమేం చెయ్యాలె?" పోయిన ప్రతిసారీ సగం రోజు కూలి పోయింది. చివరికి బయట దుకాణంలో కొనుక్కుంది.

ఈ అక్క బాధ ఒక్క బస్తీది కాదు. 2019-21లో దేశమంతటా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ లెక్క తేలింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అంటే మీ సంఘంలో పదిమంది కూర్చుంటే, అందులో అయిదారుగురికి రక్తం తక్కువే. గర్భిణికి రోజుకొక ఇనుము మాత్ర చొప్పున 180 రోజులు ఇవ్వాలని సర్కారే నియమం పెట్టుకుంది. ఆ మాత్రలు ఉచితం.

మరి మాత్రలు నిజంగా రాలేదా? వచ్చి అయిపోయాయా? కావాలని ఇక్కడివాళ్లు పైకి రాశారా, లేదా? కిటికీ దగ్గర నిలబడి అడిగితే ఇవి తేలవు. ఒకరు ఒకటి చెబుతారు, మరొకరు ఇంకోటి చెబుతారు. ఇవి తేలేది కాగితంలో.

దవాఖానలో ప్రతిదానికీ కాగితం ఉంటుంది. మందులు వస్తే స్టాకు రిజిస్టరులో రాస్తారు. ఇస్తే రాస్తారు. కావాలంటే పైకి ఇండెంటు పంపుతారు. ఇండెంటు అంటే "మాకు ఇన్ని మందులు పంపండి" అని అడిగే కాగితం. ఈ లెక్కలు కొన్ని ఇప్పుడు కంప్యూటర్లో కూడా ఉంటున్నాయి. కంప్యూటర్లో ఉన్నా అదీ రికార్డే.

ఆ రికార్డు చూసే హక్కు మనకుంది. ఆ చట్టం పేరు సమాచార హక్కు చట్టం. 2005లో వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలైంది.

ఈ చట్టం చదువుకున్న పెద్దలు కుర్చీల్లో కూర్చుని పుట్టించింది కాదు. దాని వెనుక రాజస్థాన్ కూలీలు ఉన్నారు. కరువు పనుల్లో మట్టి మోసిన వాళ్లకు పూర్తి కూలి ఇవ్వలేదు. లెక్క చూపించమంటే "అది సర్కారు రహస్యం" అన్నారు. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘం 1994లో ఊళ్లలో బహిరంగ విచారణలు పెట్టింది. అరుణా రాయ్, ఆమె తోటివాళ్లు హాజరు పట్టీలు సంపాదించి జనం ముందు పైకి చదివారు. పనికి రానివాళ్ల పేర్లు, చచ్చిపోయినవాళ్ల పేర్లు కూడా అందులో ఉన్నాయి. 1996లో బ్యావర్ పట్నంలో 40 రోజులు ధర్నా చేశారు. "మా డబ్బు, మా లెక్క" అని అడిగారు. అందులో ఆడకూలీలు చాలామంది. చదువు రానివాళ్లు కూడా చాలామంది.

చదువు వస్తే ఏమవుతుందో మన దగ్గరా చూశాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బందయింది. సరే, మన మాటకు వద్దాం.

దరఖాస్తు ఎవరికి రాయాలి? ప్రతి సర్కారు ఆఫీసులో ఇందుకోసం ఒక అధికారి ఉండాలి. ఆయనను, లేదా ఆమెను, పౌర సమాచార అధికారి అంటారు. పేరు అందరికీ తెలిసేలా ప్రకటించాలి. బోర్డు కనబడకపోతే పేరు కోసం ఆగవద్దు. "పౌర సమాచార అధికారి గారికి" అని రాసి, దవాఖాన పేరు రాస్తే చాలు.

ఏ భాషలో రాయాలి? తెలుగులో రాయవచ్చు. ఇంగ్లీషు, హిందీ కూడా పనికొస్తాయి. కాటేదాన్ ఫ్యాక్టరీల్లో బీహారు నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలు ఉన్నారు. వాళ్లూ ఈ దేశ పౌరులే. హిందీలో రాసి ఇవ్వవచ్చు. అసలు రాయడమే రాకపోతే నోటితో చెప్పవచ్చు. దాన్ని రాసుకోవడానికి ఆ అధికారే సాయం చేయాలి. ఇది చట్టంలో ఉన్న మాట. మీకు మాత్రం ఇప్పుడు రాయడం వచ్చు. మీరే రాయండి. చేతిరాత వంకరగా ఉంటే ఎవరూ కొట్టివేయలేరు.

"నీకెందుకు?" అని అడుగుతారేమో. ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. మీ పేరు, జవాబు పంపడానికి చిరునామా చాలు.

ఇక అసలు సంగతి. అడగడంలోనే కిటుకు ఉంది. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు.

"మా దవాఖానలో మందులు ఎందుకు లేవు?" అని రాశారనుకోండి. అది కోపంతో వచ్చిన ప్రశ్న. న్యాయమైన కోపమే. కానీ ఆ ప్రశ్నకు ఈ చట్టం కింద జవాబు రాకపోవచ్చు. ఆఫీసులో ఉన్న రికార్డునే ఇవ్వాలని చట్టం చెబుతుంది. లేని కాగితాన్ని కొత్తగా తయారు చేయనక్కరలేదు, అభిప్రాయం చెప్పనక్కరలేదు అని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి "ఎందుకు" అని అడగకండి. "ఫలానా కాగితం నకలు ఇవ్వండి" అని అడగండి. ఏ మందు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది రాయండి. "గత పదేళ్ల అన్ని మందుల లెక్క" అని అడిగితే కట్టలు కట్టలు కాగితాలు, వాటికి బోలెడు డబ్బు. చిన్నగా అడిగితే పని త్వరగా అవుతుంది.

ఇదిగో, ఇట్లా రాయవచ్చు:

పౌర సమాచార అధికారి గారికి,
పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, (ఊరు పేరు).
విషయం: సమాచార హక్కు చట్టం 2005 కింద నకళ్లు కోరడం.
అయ్యా / అమ్మా,
కింది కాగితాల నకళ్లు ఇవ్వగలరు.
1. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఇనుము మాత్రల స్టాకు రిజిస్టరు పేజీలు.
2. అదే మూడు నెలల్లో ఇనుము మాత్రల కోసం పైకి పంపిన ఇండెంట్లు.
పేరు, చిరునామా, తేదీ, సంతకం.

ఇంతే. అర పేజీ.

రుసుము సంగతి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. ఆ పైన 10 రూపాయలు. కాటేదాన్ పట్నంలో కలిసిపోయిన చోటు కాబట్టి పది రూపాయలు దగ్గర పెట్టుకోండి. నగదు ఇస్తే రసీదు తీసుకోండి. పోస్టల్ ఆర్డరు కూడా పెట్టవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుసుము కట్టనక్కరలేదు. కార్డు జిరాక్సు జత చేయాలి. నకళ్లకు మామూలు పేజీకి 2 రూపాయలు. నకళ్లు వద్దు, అక్కడికే వచ్చి చూస్తాం అన్నా చూడనివ్వాలి. మొదటి గంటకు డబ్బు లేదు.

దరఖాస్తు రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నన్నడిగితే ఆ ముద్ర వేసిన కాగితం పది రూపాయల కన్నా వెయ్యి రెట్లు విలువైనది. ముద్ర వేయము అంటే గొడవ పడకండి. పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టు రసీదే మీ ముద్ర.

మనం ఇచ్చాక లోపల ఏం జరుగుతుంది? ముందు టపాలు తీసుకునే గుమాస్తా దాన్ని ఇన్‌వార్డు పుస్తకంలో ఎక్కిస్తారు. నంబరు పడుతుంది. తర్వాత పౌర సమాచార అధికారి దగ్గరికి పోతుంది. రిజిస్టరు ఎవరి దగ్గర ఉందో వాళ్లను అడుగుతారు. స్టాకు రిజిస్టరు మందులిచ్చే ఫార్మసిస్టు దగ్గర ఉంటుంది. నకలు తీస్తారు. జవాబు రాసి, సంతకం పెట్టి, పంపిన తేదీ ఇంకో పుస్తకంలో రాస్తారు. నోటి మాటకు నంబరు పడదు. కాగితానికి పడుతుంది. అందుకే కిటికీ దగ్గర మూడుసార్లు అడిగినా కదలని సంగతి, ఒక్క కాగితంతో కదలవచ్చు.

ఆఫీసు వాళ్లందరూ దాచిపెట్టేవాళ్లు అనుకోవద్దు. ఒక్క మనిషి మూడు పనులు చేసే దవాఖానలు ఉన్నాయి. మందులు రాకపోతే వాళ్లే జనం చేత తిట్లు తింటారు. మీ దరఖాస్తు వాళ్లకూ పైవాళ్లను అడగడానికి ఒక ఆధారం అవుతుంది.

అడిగిన కాగితం అసలు ఆ ఆఫీసులో ఉండకపోతే? కాటేదాన్ సంగతే చూద్దాం. అక్కడి నూర్ మహమ్మద్ కుంట ఫ్యాక్టరీల మురికి నీళ్లతో పాడైంది. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం వంటి లోహాలు ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఉన్నాయని హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పరిశోధన చేసి 2008లో ప్రచురించారు. సీసం పిల్లల మెదడుకు చెడుపు చేస్తుంది. గర్భిణులకూ మంచిది కాదు. మరి మా బస్తీ బోరు నీళ్లు పరీక్ష చేశారా అని మీరు దవాఖానలో అడిగారనుకోండి. ఆ రిపోర్టు దవాఖానలో ఉండకపోవచ్చు. కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉండవచ్చు. అప్పుడు "మా దగ్గర లేదు, పో" అనకూడదు. ఆ దరఖాస్తును 5 రోజుల్లో అక్కడికి వాళ్లే పంపాలి. పంపినట్టు మీకు తెలపాలి.

జవాబు 30 రోజుల్లో రావాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. అయితే ఒక మాట. ఒంట్లో బాగాలేనప్పుడు చేయాల్సింది దరఖాస్తు రాయడం కాదు. 108కి ఫోను చేయండి. కాగితం పని తర్వాత.

ఇవ్వనివి కూడా కొన్ని ఉన్నాయి. పక్కింటామె జబ్బు వివరాలు అడిగితే ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. మీ జబ్బు సంగతి ఊరంతా తెలిస్తే మీకెట్లా ఉంటుంది? మీ సొంత చికిత్స కాగితాలు మాత్రం మీరు అడగవచ్చు. ఏది ఇవ్వకపోయినా, ఎందుకు ఇవ్వడం లేదో, ఎవరికి అప్పీలు చేసుకోవాలో జవాబులో రాయాలి.

30 రోజులు దాటినా జవాబు లేదనుకోండి. ఇవ్వను అన్నట్టే లెక్క. అప్పుడు మరో 30 రోజుల్లోపల మొదటి అప్పీలు రాయాలి. అది ఆ అధికారి కన్నా పై అధికారికి పోతుంది. ఆలస్యమయ్యాక ఇచ్చే నకళ్లకు డబ్బు తీసుకోకూడదు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు పోవచ్చు. అది హైదరాబాదులో మొజంజాహి మార్కెట్ దగ్గర ఉంది. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల జరిమానా వేయవచ్చు. 25,000 రూపాయల దాకా వేయవచ్చు. అది ఆఫీసు డబ్బు కాదు, ఆ అధికారి సొంత డబ్బు.

వినడానికి బాగుంది. కానీ ఉన్నమాట చెప్పాలి. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా మన కమిషన్‌లో కమిషనర్లే లేరు. అప్పీళ్లు కుప్ప పడ్డాయి. అంత దూరం పోకుండా పని కావాలంటే మొదటి దరఖాస్తే సూటిగా రాయాలి.

ఇప్పుడు మన అక్కకు జవాబు వచ్చిందనుకుందాం. కవరులో రిజిస్టరు పేజీలు. ఇంగ్లీషు మాటలు ఉన్నాయని భయపడవద్దు. గడుల్లో అంకెలు చూడండి. ఒక గడిలో వచ్చినవి, ఒక గడిలో ఇచ్చినవి, చివరి గడిలో మిగిలినవి. ఆమె తన చీటీ తీసి తేదీ చూస్తుంది. జూలై 9. రిజిస్టరులో జూలై 9 ఎదురుగా చివరి గడి చూస్తుంది.

అక్కడ 2,000 అని ఉంటే, ఆ రోజు మాత్రలు ఉన్నాయి. అయినా ఆమెకు ఇవ్వలేదు. ఆ పేజీ, తన చీటీ రెండూ తీసుకుని వైద్యాధికారి దగ్గరికి పోవాలి. వీలైతే ఇంకో ఇద్దరిని వెంట తీసుకుపోవాలి. అక్కడ సున్నా ఉంటే, కిటికీ దగ్గర చెప్పింది నిజమే. అప్పుడు ఇండెంటు తేదీ చూడాలి. మాత్రలు అయిపోయిన నెలకు ఇండెంటు పంపి ఉంటే, ఆలస్యం ఇక్కడే జరిగింది. ముందుగానే పంపి ఉంటే, ఆలస్యం పైన జరిగింది. అప్పుడు రెండో దరఖాస్తు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ ఆఫీసుకు రాయాలి. ఆ తేదీ ఇండెంటు మీద ఏం చర్య తీసుకున్నారో తెలిపే కాగితాల నకళ్లు అడగాలి. దానికి మళ్లీ పది రూపాయలు, మళ్లీ రెండు ప్రతులు, మళ్లీ ముద్ర.