డీజిలు ట్రక్కులలో ట్యూనింగు పెట్టెలు - యాక్సిలరేటరు చిక్కులు

మదనపల్లె మార్కెటుకు టమాట, గుంటూరు యార్డుకు మిరప చేరవేయుటకు డీజిలు పికప్ ట్రక్కులు, మినీ లారీలు పల్లెలలో విరివిగా వాడుకలో ఉన్నవి. బరువుతో ఎత్తు ఎక్కునపుడు బండి లాగుట లేదని కొందరు యజమానులు బయట అమ్మెడి ట్యూనింగు పెట్టెలను ఇంజనుకు తగిలించుచున్నారు. కొన్నాళ్లు బండి చురుకుగా నడుచును. పిమ్మట రేసు అందకపోవుట, కుదుపులు, దారిలో శక్తి పడిపోవుట మొదలగును. అప్పుడు పెడలు, ఇంజెక్టర్లు మార్చి వేలకు వేలు ఖర్చుచేయుట కంటె ముందుగా ఆ పెట్టెనే అనుమానింపవలెను.

యాక్సిలరేటరు పనిచేయు విధము

పెట్రోలు ఇంజనులో యాక్సిలరేటరు లోనికి పోవు గాలిని అదుపు చేయును. డీజిలు ఇంజనులో శక్తి ముఖ్యముగా చిమ్మెడి డీజిలు పరిమాణమును బట్టి ఉండును. పాత బండ్లలో పెడలు నుండి పంపు వరకు తీగ గాని, కడ్డీ గాని ఉండెడిది. నేటి కామన్ రైలు ఇంజన్లలో అది లేదు. పెడలులోని రెండు సెన్సార్లు, పెడలును ఎంత త్రొక్కితిరో వోల్టేజి రూపమున కంట్రోలు యూనిట్‌కు తెలుపును. ఒకే సంగతికి ఇద్దరు సాక్షులవంటి ఏర్పాటిది. వాటి మాట పొత్తు కుదరనిచో కంట్రోలు యూనిట్ ఇంజను శక్తిని తగ్గించివేయును. దీనినే మెకానిక్కులు లింపు మోడు అందురు.

పెట్టెలలో రకములు

1. పెడలు పెట్టె: పెడలును పావు వంతు త్రొక్కిన, సగము త్రొక్కినట్లు చూపును. ఇంజను శక్తి ఏమాత్రము పెరుగదు.

2. పీడనపు పెట్టె: కామన్ రైలులో డీజిలు పీడనము ఇంజను ఊరక తిరుగునపుడు సుమారు 300 బార్లు, నిండు బరువు మీద 1600 బార్లు, కొన్నిటిలో అంతకు మించియు ఉండును. ఈ పెట్టె ఉన్న పీడనమును తక్కువగా చూపును. కంట్రోలు యూనిట్ దానిని నమ్మి పీడనమును పెంచును. శక్తి పెరుగును గాని పంపు, ఇంజెక్టర్లు, పిస్టన్లు, టర్బో అదనపు భారమును, వేడిని భరింపవలసి వచ్చును.

3. కంట్రోలు యూనిట్‌లోని ప్రోగ్రామునే మార్చుట: ఇందులో పైకి కనిపించు పెట్టె ఉండదు.

లక్షణములు, కారణములు

పెడలు త్రొక్కినను ఇంజను ఐడిలింగులోనే ఉండినచో, పెట్టె ప్లగ్గులు వదులై యుండవచ్చును, తడి చేరవచ్చును, లేదా ఎలుకలు తీగలు కొరికి యుండవచ్చును.

ఎత్తు ఎక్కునపుడు హఠాత్తుగా శక్తి పడిపోయినచో, రైలు పీడనము హద్దు మీరినందున రక్షణ వాల్వు తెరచుకొనుట గాని, కంట్రోలు యూనిట్ శక్తిని తగ్గించుట గాని జరిగియుండవచ్చును. ఘాట్ రోడ్డులో ఇది ప్రమాదకరము.

కొద్దిగా త్రొక్కగానే బండి ముందుకు దూకినచో పెడలు పెట్టె కారణము కావచ్చును. కళ్లములో మనుషుల మధ్య బండిని వెనుకకు తీయునపుడు ఇది ప్రాణాపాయము.

నల్లపొగ వచ్చినచో గాలికి మించి డీజిలు పడుచున్నదని గ్రహింపవలెను. బి.ఎస్.6 బండ్లలో ఈ మసి పొగ వడపోతను పూడ్చివేయును.

పరీక్షించు విధము

1. ముందుగా స్కానరుతో లోపపు కోడులను చదివించి వ్రాసికొనవలెను. పి2138 అని వచ్చినచో పెడలు సెన్సార్ల పొత్తు కుదరలేదని అర్థము.

2. తాళము తీసి, కొంతసేపు ఆగి, బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. పెట్టెను తీసివేసి కంపెనీ ప్లగ్గులను యథాస్థానమున బిగింపవలెను. చిలుము, విరిగిన పిన్నులు ఉన్నవేమో చూడవలెను.

3. ఇంజను ఆగియున్నపుడు బాగుగా చార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను.

4. గాలి వడపోతను, డీజిలు వడపోతను చూచి, అడుగున చేరిన నీటిని వదలవలెను. బండి లాగకపోవుటకు మొదటి కారణము తరచుగా ఇదియే.

5. కోడులను చెరిపి, మొదట ఖాళీ బండిని, తరువాత బరువుతోను నడిపి చూడవలెను. చిక్కు పోయినచో దోషము పెట్టెదే. పోనిచో అప్పుడు పెడలును పరీక్షింపవలెను. ప్రోగ్రాము మార్చియున్నచో కంపెనీ వర్కుషాపులో అసలు ప్రోగ్రామును ఎక్కించుకొనవలెను.

హెచ్చరిక: ఇంజను తిరుగుచుండగా పీడనపు గొట్టములను ఎన్నడును విప్పరాదు. ఆ డీజిలు ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము చిన్నదిగా కనిపించినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ట్రాక్టరు యజమానులకు

2023 జనవరి 1 నుండి 50 హార్సుపవరుకు మించిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. వీటిలో పెక్కింటికి కామన్ రైలు ఇంజన్లే కలవు. దమ్ములో రోటవేటరు గంటల తరబడి నిండు బరువుతో తిరుగును గనుక ఇంజనుకు చల్లబడు వ్యవధి ఉండదు. అందుచే ఈ పెట్టెలు ట్రాక్టరుకు మరింత హాని చేయును.

మోటారు వాహనముల చట్టము, 1988 ప్రకారము అనుమతి లేని మార్పులు చేయరాదు. 2019 సవరణ తరువాత ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. వారంటీ కూడ పోవచ్చును.

బండి లాగనిచో వడపోతలను, టైర్ల గాలిని, ఎక్కించిన బరువును చూచుకొనవలెను. ఎత్తులో ముందుగానే గేరు తగ్గింపవలెను. యంత్రముల మరమ్మతు నేర్వగోరు రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ ఇచ్చుచున్నారు.