శని, ఆదివారాల సాయంత్రం పరీక్షలు: ఎవరి వీలు కోసం?

కాలేజీ పరీక్షలు శనివారం, ఆదివారం సాయంత్రాల్లో పెట్టొచ్చా? చూడ్డానికి ఇది టైంటేబుల్ వేసేవాళ్ల గొడవ. రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ల మీద కొట్లాడుతున్న మనకి ఇదీ ఒక సమస్యేనా అని మిత్రులు అడగొచ్చు. సమస్యేనని మేం అంటున్నాం. భూమిలాగే కాలానికి కూడా యజమానులుంటారు. ఎవరి సాయంత్రం ఎవరి చేతిలో ఉందనేది కులాన్ని బట్టి, ఊరికీ వాడకీ ఉన్న దూరాన్ని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతుంది. పరీక్ష గంట మాత్రం అందరికీ ఒకటే కొడతారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన మాలాంటివాళ్లకి ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. అది ఎలా పనిచేస్తుందో మాత్రం విడమర్చి చెప్పుకోవాలి.

కాలేజీలు చెప్పే కారణాలు

ముందు కాలేజీల వాదన విందాం. డిగ్రీకి ఆంధ్రప్రదేశ్‌లో 2015-16 నుంచి, తెలంగాణలో 2016-17 నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. ఏడాదికోసారి ఉండే పెద్ద పరీక్షలు రెండుసార్లయ్యాయి. మధ్యలో ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్, బ్యాక్‌లాగులు. వీటన్నిటికీ మామూలు రోజుల్లో గదులిస్తే క్లాసులు పోతాయి. ఒకే ఆవరణలో జూనియర్ కాలేజీ, డిగ్రీ కాలేజీ నడిచేచోట గదుల కరువు మరీ ఎక్కువ.

పోనీ ఆదివారం పగలు ఖాళీగా ఉంటాయా అంటే, ఆరోజు అవే భవనాలు ఉద్యోగ పరీక్షలకీ ప్రవేశ పరీక్షలకీ కేంద్రాలవుతాయి. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న, తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2024 జూన్ 9న జరిగాయి. రెండూ ఆదివారాలే. నీట్ కూడా 2024లో మే 5న, 2025లో మే 4న, ఆదివారం మధ్యాహ్నమే జరిగింది. ఇక మిగిలింది సాయంత్రమే కదా అంటారు. పనిచేసుకుంటూ చదివేవాళ్లకి అదే వీలని కూడా అంటారు. ఈ చివరి మాటలో నిజముంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాం.

ఆదివారం ఊరికే రాలేదు

'సెలవు రోజే కదా, ఖాళీయే కదా' అనేవాళ్లు ఆ సెలవు ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. ఒంగోలు ప్రాంతంలో 1866 నుంచి మాదిగలు ఎర్రగుంట్ల పేరయ్య వెంట బాప్టిస్టు సంఘంలో చేరడం మొదలైంది. మిషనరీ జాన్ క్లౌ వాళ్లకి చెప్పిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ మూడు కట్టుబాట్లలో ఊరి పెద్దల్ని గట్టిగా కుదిపింది ఆదివారం పని మానడం. వెట్టికి పిలిస్తే వారంలో ఒకరోజు రామని మాదిగలు చెప్పడం అంతకుముందు ఊళ్లు ఎరగని మాట. అందుకు వాళ్లు వెలినీ, దెబ్బల్నీ భరించారు. మతం మాట ఎలా ఉన్నా, తెలుగు నేల మీద వారానికో రోజు తనదని దళితుడు అక్కడ చెప్పుకున్నాడు.

బొంబాయిలో మిల్లు కార్మికులకి వారం సెలవు తెచ్చిన పోరాటానికి నాయకుడు ఫూలే సత్యశోధక సమాజానికి చెందిన నారాయణ్ మేఘాజీ లోఖండే. 1890లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు, 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి పనిని వారానికి 48 గంటలకి కుదించారు. అయినా పొలం కూలికి పోయే మన అమ్మలకి ఫ్యాక్టరీల చట్టం లేదు, జీతంతో సెలవూ లేదు. వాళ్ల పిల్లలకి కాలేజీ పుణ్యాన దొరికిన ఒక్క ఆదివారాన్ని కాలేజీయే తిరిగి తీసుకుంటే అది చిన్న విషయమెలా అవుతుంది?

ఏడు గంటలకి పరీక్ష ముగిస్తే

సాయంత్రం నాలుగింటికి మొదలయ్యే మూడు గంటల పరీక్ష ఏడింటికి అవుతుంది. పట్నంలో ఇల్లున్నవాళ్లు ఏడున్నరకి ఇల్లు చేరతారు. పల్లె నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి చివరి ఆధారం నైట్ హాల్ట్ బస్సు. సాయంత్రం ఊరికి పోయి, రాత్రి అక్కడే ఆగి, తెల్లారి మొదటి ట్రిప్పుగా తిరిగొచ్చే బస్సు అది. అది వెళ్లిపోయాక ఆటోలే గతి. ఆ పొద్దుకి ఆటో నిండేదాకా కదలదు, కదిలినా అడిగినంత ఇచ్చుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. చాలామంది అమ్మాయిలు కాలేజీ మానకుండా ఉండటానికి ఇది పనికొచ్చింది. కానీ లేని బస్సుకి టికెట్ ఉచితమైతే ఏం లాభం?

బస్సు దొరికినా అది ఆగేది స్టేజీ దగ్గర. వాడ ఊరి చివర ఉంటుంది. రాత్రిపూట ఒంటరిగా ఊరి నడిబజారు దాటి వాడకి నడిచే దళిత అమ్మాయికి ఆ దారి ఎలా ఉంటుందో వాడలో పుట్టినవాళ్లకి తెలుసు. ఇలాంటివి రెండుసార్లు జరిగితే 'చదివింది చాల్లే' అనే మాట ఇంట్లో వినపడుతుంది. తండ్రి మొరటువాడని కాదు, భయం అలాంటిది.

హాస్టల్ పిల్లలకి వేరే ఇబ్బంది. వంట మనుషులు వడ్డించి, గిన్నెలు కడిగి వెళ్లే వేళొకటి ఉంటుంది. పరీక్ష రాసి ఎనిమిదింటికి వచ్చినవాడికి అడుగున మిగిలిందే అన్నం. వార్డెన్ రాత్రి హాజరు తీసుకునేటప్పుడు లేకపోతే దానికి మళ్లీ సంజాయిషీ.

ఇక పని. శని, ఆదివారాల సాయంత్రాలు మన పిల్లల్లో చాలామందికి సంపాదించుకునే వేళ. ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్‌కి పోతారు, చికెన్ దుకాణాల్లో నిలబడతారు, మేస్త్రీల వెంట సెంట్రింగ్ పనికి పోతారు. మెస్ బిల్లు, జిరాక్సు కాపీలు, పరీక్ష ఫీజు అందులోంచే రావాలి. అంటే పరీక్ష ఫీజు సంపాదించే సాయంత్రం మీదే పరీక్ష వచ్చి పడుతుంది.

పోయిన పేపరు ఎక్కడ తేలుతుంది

పరీక్షకి రానివాడి పేరు ఎదురుగా 'ఆబ్సెంట్' అని పడుతుంది. బస్సు లేదనో, కూలికి పోయాడనో రాయడానికి ఆ కాగితంలో గడి ఉండదు. పేపరు బ్యాక్‌లాగ్ అవుతుంది, దానికి మళ్లీ ఫీజు. బ్యాక్‌లాగులు పెరిగితే పై సంవత్సరానికి పోవడం కష్టం. పై సంవత్సరానికి పోకపోతే స్కాలర్‌షిప్ రెన్యువల్ కాదు. ఈ గొలుసు చివర్న 'మొదటి తరం విద్యార్థులు చదువులో వెనకబడుతున్నారు' అని సెమినార్లలో పత్రాలు చదువుతారు. గొలుసు మొదట్లో ఉన్న సాయంత్రం నాలుగ్గంటల పరీక్ష ఎవరికీ గుర్తుండదు.

అర్జీ పెట్టుకుంటే సరిపోతుందా?

'ఇబ్బంది ఉన్నవాళ్లు అర్జీ ఇవ్వండి, మినహాయింపు ఇస్తాం' అని కొందరు ప్రిన్సిపాళ్లు మంచి మనసుతోనే అంటారు. ఈ మాటలో మనకొక ఉరి ఉంది. ఆదివారం గుడికి పోయే దళిత విద్యార్థినే తీసుకుందాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. క్రైస్తవాన్ని పాటిస్తూ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ కోరడం చెల్లదని 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇలాంటప్పుడు 'ఆదివారం ఆరాధనకి పోవాలి, పరీక్ష మార్చండి' అని ఏ పిల్ల సంతకం పెట్టి ఇస్తుంది? ఆ కాగితం రేపు ఎవరి చేతికి పోతుందో! శనివారం సూర్యాస్తమయం దాకా విశ్రాంతి దినం పాటించే అడ్వెంటిస్టు కుటుంబాల పిల్లలదీ ఇదే చిక్కు.

మతం ఒక్కటే కాదు. కేటరింగ్‌కి పోతున్నానని, మా వాడకి దీపాల్లేవని, అమ్మతో కలుపుకి పోవాలని రాసివ్వడం అంటే పేదరికాన్నీ కులాన్నీ ఆఫీసు బల్ల మీద పరచడమే. అందుకే మేం మినహాయింపులు అడగడం లేదు. అందరికీ వర్తించే నియమం అడుగుతున్నాం.

అసలు సాయంత్రం చదువే వద్దా?

అలా అనడం లేదు. ఫూలే దంపతులు 1855లో రైతులకీ కూలీలకీ రాత్రి బడి నడిపారు. అంబేడ్కర్ స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు, పగలు ఉద్యోగాలకి పోయేవాళ్ల కోసం క్లాసులు పొద్దున్నే పెట్టింది. మన దగ్గర 1982లో మొదలై, 1991 నుంచి అంబేడ్కర్ పేరుతో నడుస్తున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆదివారం క్లాసులతో ఎంతోమంది ఉద్యోగుల్ని, గృహిణుల్ని పట్టభద్రుల్ని చేసింది. వీటన్నిటిలో ముందు విద్యార్థి వేళ చూశారు, తర్వాత గంట కొట్టారు. ఇప్పటి కాలేజీలు ముందు గదుల లెక్క చూసి, తర్వాత విద్యార్థిని అందులోకి సర్దుతున్నాయి. మా అభ్యంతరం అక్కడ.

మేం అడుగుతున్నవి

పగటి కోర్సుల విద్యార్థులకి ఆదివారం గానీ, శనివారం సాయంత్రం గానీ పరీక్ష పెట్టకూడదు. మిగతా రోజుల్లో కూడా పరీక్ష సాయంత్రం నాలుగున్నరకల్లా ముగియాలి. సాయంత్రం కోర్సుల్లో, దూరవిద్యలో పరీక్ష వేళని ఆ విద్యార్థులే తేల్చుకోవాలి. తప్పనిసరై ఎప్పుడైనా సెలవు రోజున పెడితే, కారణం అడక్కుండా ఎవరికైనా రెండో తేదీ ఇవ్వాలి. ఆరోజు బస్సు కోసం డిపోకి, అన్నం కోసం హాస్టల్‌కి కాలేజీయే ముందుగా ఉత్తరం రాయాలి. టైంటేబుల్ ముసాయిదాని పదిహేను రోజుల ముందే నోటీసు బోర్డు మీద పెట్టాలి.

దీనికి పెద్ద ఉద్యమం దాకా ఆగనక్కర్లేదు. విద్యార్థి సంఘాల మిత్రులు క్లాసుకో కాగితం తిప్పండి. మూడే ప్రశ్నలు: మీ ఊరికి చివరి బస్సు ఎన్నింటికి? శని, ఆదివారాల్లో పనికి పోతారా? చీకటి పడ్డాక ఇల్లు చేరడానికి ఎంతసేపు పడుతుంది? పేర్లు రాయొద్దు, కులం అడగొద్దు. అధ్యాపక మిత్రులు ఆ లెక్క కట్టి, టైంటేబుల్ ఖరారయ్యేలోపు పరీక్షల విభాగం బల్ల మీద పెట్టండి. గదుల లెక్క వాళ్ల దగ్గర ఎలాగూ ఉంది. బస్సుల లెక్క కూడా దాని పక్కన ఉండాలి.